అరగంట కూర్చోండి: 2021 టీకా కేంద్రాల జ్ఞాపకాలు

తలుపుల మీద అతికించిన మూడు కాగితాలు చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. వేచి ఉండే గది, టీకా గది, పరిశీలన గది. 2021లో బడి అయినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా, కమ్యూనిటీ హాలైనా కోవిడ్ టీకా కేంద్రమంటే ఆ మూడు గదులే. మొదటి గదిలో గోల, రెండో గదిలో అరనిమిషం పని, మూడో గదిలో అరగంట కూర్చోవడం. ఆ రోజుల గురించి ఎవరు మాట్లాడినా క్యూల గురించీ, స్లాట్ల గురించీ, సర్టిఫికెట్ల గురించీ చెబుతారు. మూడో గది సంగతి ఎవరూ ఎత్తరు. జనానికి టీకా మీద నమ్మకం కుదిరింది మాత్రం చాలావరకు అక్కడే.

మొదటి నుంచీ చెప్పుకుందాం. 2020 డిసెంబర్ 28, 29 తేదీల్లో నాలుగు రాష్ట్రాల్లో డ్రై రన్ జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కృష్ణా జిల్లాలో. మందు లేదు, సూది గుచ్చలేదు. పేరు చూడటం, టీకాల నమోదు పోర్టల్ కోవిన్‌లో ఎక్కించడం, కుర్చీలో కూర్చోబెట్టడం, పరిశీలన గదికి పంపడం మాత్రం అచ్చంగా చేశారు. ఒక్కో మనిషికి ఎంతసేపు పడుతోంది, నెట్ ఎక్కడ ఆగిపోతోంది, లోపలికి వచ్చేవాళ్లూ బయటికి వెళ్లేవాళ్లూ ఎక్కడ ఎదురవుతున్నారు అన్నవి అప్పుడే బయటపడ్డాయి. 2021 జనవరి 3న కోవిషీల్డ్‌కూ కోవాగ్జిన్‌కూ అత్యవసర వినియోగ అనుమతి వచ్చింది. జనవరి 16న 3,006 కేంద్రాల్లో టీకాలు మొదలయ్యాయి. ఒక్కో కేంద్రానికి రోజుకు వంద మంది, అదీ ఆరోగ్య సిబ్బందికే. దేశంలో మొదటి డోసు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పారిశుద్ధ్య కార్మికుడికి వేశారు.

ఆ వంద కూడా చాలాచోట్ల నిండలేదు. ఇప్పుడు చాలామంది మరిచిపోయిన విషయం ఇదే: మొదట వెనకాడింది పల్లెటూళ్ల జనం కాదు, ఆసుపత్రి సిబ్బందే. వాళ్ల అనుమానంలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కోవాగ్జిన్‌ను అప్పట్లో ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ కింద, అంటే పరీక్షల్లో పాల్గొన్నవాళ్లలాగే కనిపెట్టి చూస్తూ, ఇచ్చారు. వేసుకునే ముందు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలి. మూడో దశ పరీక్షల్లో టీకా ఎంత పనిచేసిందన్న లెక్క అప్పటికి రాలేదు. ఏ కేంద్రానికి ఏ టీకా వస్తే అదే వేసుకోవాలి. రోజూ మందుల చీటీలు చదివే నర్సుకు ‘సామర్థ్యం ఇంకా తేలాల్సి ఉంది’ అన్న వాక్యం అర్థం కాకుండా పోతుందా? మార్చి 3న మధ్యంతర ఫలితం వచ్చింది, 81 శాతం అని. అదే నెలలో ట్రయల్ మోడ్ తీసేశారు. పూర్తి లెక్క 77.8 శాతంగా లాన్సెట్ వైద్య పత్రికలో నవంబర్‌లో అచ్చయింది. టీకా మంచిదే. కానీ అనుమతి ముందు వచ్చి ఫలితం వెనక రావడంతో మంచి టీకాకే రెండు నెలలు అనుమానం అంటుకుంది. హైదరాబాద్‌లో తయారైన టీకా అన్న అభిమానం ఉన్నా, లెక్కలు లేని లోటును అభిమానం పూడ్చలేదు.

ఆ రెండు నెలల్లో పనిచేసింది ఒక్కటే. పెద్ద డాక్టరు అందరి ముందు చొక్కా చెయ్యి మడిచి వేయించుకుని, మర్నాడు మామూలుగా డ్యూటీకి రావడం. వేయించుకున్న ఫోటో కన్నా మర్నాటి డ్యూటీయే ఎక్కువ మాట్లాడింది. జ్వరం వస్తే వచ్చిందని చెప్పిన డాక్టర్ల చోట ఇంకా బాగా నడిచింది.

కేంద్రంలో ఐదుగురు ఉండేవారు. గుమ్మం దగ్గర ఒకరు జాబితా చూసి లోపలికి పంపేవారు. ఇంకొకరు గుర్తింపు కార్డు చూసి కోవిన్‌లో సరిపోల్చేవారు. సూది వేసేది ఏఎన్ఎం లేదా స్టాఫ్ నర్సు. మిగతా ఇద్దరు జనాన్ని చూసుకోవాలి, అరగంట అయ్యేదాకా ఎవరూ లేచి వెళ్లకుండా కనిపెట్టాలి. మనిషి తక్కువైనప్పుడు అందరూ మొదట తీసేసింది ఈ చివరి ఇద్దరినే. సూది ఆగకూడదు, డేటా ఆగకూడదు, పరిశీలన గదిలో ఎవరూ లేకపోయినా పని సాగుతున్నట్టే కనిపిస్తుంది కదా. అక్కడే పొరపాటు జరిగేది.

మందు చల్లదనం సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు, కానీ అనుమానాలు కొన్ని అక్కడి నుంచే పుట్టాయి. రెండు టీకాలనూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకడితే కూడా పాడవుతుందన్నది చాలామందికి తెలియదు. కోవాగ్జిన్‌లో అల్యూమినియం లవణం ఉంటుంది, గడ్డకట్టి కరిగితే అది ముద్దలై అడుగుకు దిగిపోతుంది, టీకా బలం పోతుంది. అందుకే డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను అలాగే క్యారియర్‌లో సర్దకూడదు. బల్ల మీద పరిచి, పైనున్న మంచు పొర పోయి చెమట పట్టేదాకా ఆగాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. అప్పుడే నాలుగు ప్యాకులూ క్యారియర్‌లో నాలుగు వైపులా పెట్టి, మధ్యలో సీసాలుంచి మూత బిగించాలి. పిల్లల టీకాలు ఏళ్ల తరబడి మోసిన ఏఎన్ఎంలకు ఇది అలవాటైన పని. కొత్తగా తెరిచిన కేంద్రాల్లో తొందరపడి మంచు పట్టిన ప్యాకులు పెట్టేసే ప్రమాదం ఎక్కువ. వేసవిలో అయితే మరీను.

కోవిషీల్డ్ సీసాలో 5 మి.లీ. ఉంటుంది, అంటే పది డోసులు. మూత తీసిన తేదీ, గంట సీసా మీద రాయాలి. నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. పదిమంది కూడేదాకా సీసా తెరవకపోవడానికి ఇదే కారణం. ఇది చెప్పని చోట ఏమయ్యేది? ఆరుగురు గంటసేపు కూర్చునేవారు. ‘మందు ఉంది కానీ వేయడం లేదు, ఎవరో పెద్దవాళ్ల కోసం ఉంచారు’ అన్న మాట బయటికి వెళ్లేది. సాయంత్రానికి అది ఊరంతా తిరిగేది. చెప్పిన చోట ఇంకో రకంగా ఉండేది. ‘ఇప్పటికి ఏడుగురు వచ్చారమ్మా, ఇంకో ముగ్గురు రాగానే సీసా తెరుస్తాం. తెరిస్తే నాలుగు గంటలే పనికొస్తుంది’ అంటే ఆ ఏడుగురిలోంచే ఒకరు ఫోన్ తీసి తమవాళ్లను పిలిచేవారు. అదే సీసా, అదే ఆలస్యం. ఆగిన కారణం చెప్పడం ఒక్కటే తేడా.

సిరంజి గురించి కాస్త వివరంగా చెప్పాలి. వాడింది 0.5 మి.లీ. ఏడీ (ఆటో డిజేబుల్) సిరంజి. ఒకసారి పూర్తిగా నొక్కితే లోపలి కడ్డీ బిగుసుకుపోతుంది, మళ్లీ వెనక్కి రాదు, అంటే ఇంకొకరికి వాడటం సాధ్యం కాదు. మామూలు సిరంజిలా ముందు గాలి లాగి సీసాలోకి కొట్టే పద్ధతి దీనికి పనికిరాదు. అలా చేస్తే లాక్ పడి సిరంజి వృథా అవుతుంది. సీసాను తలకిందులుగా పట్టుకుని, సూది మొన ద్రవంలో మునిగి ఉండేలా చూసుకుని, ఒకే లాగుడులో 0.5 గీత దాకా తీసుకోవాలి. బుడగ ఉంటే వేలితో తట్టి పైకి పంపాలి.

2021 మధ్యలో ఖాళీ సిరంజితో గుచ్చారన్న వీడియోలు తిరిగాయి. అది చూసినవాళ్లు సూది వైపే కళ్లప్పగించి కూర్చునేవారు. తెలివైన నర్సులు దాన్ని అవమానంగా తీసుకోలేదు, పనిలో కలుపుకున్నారు. సీసా మీద పేరు, గడువు తేదీ చూపించడం. మందు తీశాక గీత దాకా నిండిన సిరంజి చూపించడం. వేశాక ఖాళీ అయిన సిరంజి చూపించి, సూదిని హబ్ కట్టర్‌లో పెట్టి కత్తిరించడం. మొత్తం కలిపితే పది సెకన్లు. ఆ పది సెకన్లు ఇచ్చిన కేంద్రంలో రెండో డోసుకు ఎవరూ వీడియో తీస్తామని అడగలేదు.

చెయ్యి కూడా ముఖ్యమే. భుజం చివరి ఎముక నుంచి రెండు మూడు వేళ్ల కిందుగా, కండ మధ్యలో, నిటారుగా సూది దిగాలి. బిగుతు చొక్కా చెయ్యినో, జాకెట్టు చెయ్యినో సగం పైకి నెడితే చర్మం ముడుచుకుంటుంది, కొలత తప్పుతుంది. మరీ పైకి వేస్తే మందు కీలు దగ్గరికి పోయి వారాల తరబడి చెయ్యి ఎత్తలేనంత నొప్పి రావచ్చు. అలాంటి మనిషి ఒక్కరుంటే చాలు, వీధిలో పదిమంది ఆగిపోతారు. ‘వదులు చేతుల బట్టలు వేసుకు రండి, ఏదైనా తిని రండి’ అని ముందురోజే ఆశా కార్యకర్త చెప్పిన చోట ఈ గొడవ తక్కువ. వేశాక చోటు రుద్దకూడదు, దూదితో మెల్లగా అదిమితే చాలు.

ఇక ఆ అరగంట. టీకా తర్వాత వచ్చే తీవ్రమైన అలర్జీ, అనాఫిలాక్సిస్, చాలా అరుదు. వస్తే ఎక్కువగా మొదటి నిమిషాల్లోనే వస్తుంది. ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి అందకపోవడం, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం కనిపిస్తాయి. అప్పుడు పెద్దవాళ్లకు 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటివైపు కండలోకి వెంటనే వేయాలి, ఆ తర్వాతే అంబులెన్స్ కోసం ఫోన్. అందుకే ప్రతి కేంద్రంలో ఏఈఎఫ్ఐ (టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల) కిట్ ఉండేది. అడ్రినలిన్ ఆంపుల్స్, సిరంజిలు, విడి సూదులు, దూది, మోతాదు రాసిన కాగితం అందులో ఉంటాయి. ఆంపుల్స్ గడువు తేదీ ఎప్పటికప్పుడు చూడాలి. కిట్ టీకా బల్ల మీద కాకుండా పరిశీలన గదిలో, చేతికందేలా ఉండాలి. తాళం వేసిన బీరువాలో భద్రంగా పెట్టిన కిట్ అవసరమైన వేళ లేనట్టే.

దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగేది సొమ్మసిల్లడం. మనిషి ముఖం పాలిపోతుంది, చల్లటి చెమటలు, నాడి నెమ్మదిస్తుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటాడు. దద్దుర్లు ఉండవు, ఊపిరికి ఇబ్బంది ఉండదు. ఈ రెండింటికీ తేడా తెలియని చోట పెద్ద హడావుడి జరిగేది. ఒకరు పడితే ఎదురుగా కూర్చున్నవాళ్లకూ కళ్లు తిరిగేవి. ఇది నటన కాదు, భయానికి శరీరం అలాగే స్పందిస్తుంది. కుర్చీలు ఎదురెదురుగా వేయకపోవడం, ఒక మూల మంచం వేసి అడ్డంగా తెర కట్టడం, వెయిటింగ్ గదిలోంచి పరిశీలన గది కనబడకుండా చూడటం, ఈ మూడూ పాటిస్తే ఒకరితో ఆగిపోయేది. 2022 జనవరి 3 నుంచి 15–17 ఏళ్ల పిల్లలకు బడుల్లో వేసినప్పుడు ఈ జాగ్రత్త బాగా అక్కరకొచ్చింది.

చీటీ మీద వేసిన గంట రాసి చేతికిచ్చేవారు, ఆ గంటకు అరగంట కలిపి పంపాలి. ‘మా ఇల్లు పక్కనే’ అని లేచేవాళ్లు చాలామంది. వాళ్లను కూర్చోబెట్టడానికి దొరికిన మంచి దారి, ఆ అరగంటలోనే అసలు మాటలు చెప్పడం. పిల్లల టీకాల రోజు ఏఎన్ఎం తల్లికి చెప్పే నాలుగు మాటలున్నాయి: ఏ టీకా వేశాం, దేనికి పనికొస్తుంది అన్నది ఒకటి; మళ్లీ ఎప్పుడు రావాలన్నది రెండు; ఏం ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలన్నది మూడు; కార్డు జాగ్రత్త అన్నది నాలుగు. కోవిడ్‌కు కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేకపోయింది. ఆ నాలుగే పెద్దవాళ్లకు చెప్పారు.

వాటిలో మూడోదే అన్నిటికన్నా బరువైనది. ‘ఈ రాత్రికి జ్వరం రావచ్చు, ఒళ్లు నొప్పులు ఉంటాయి, చెయ్యి లాగుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోండి, రాకముందే వేసుకోకండి’ అని చెప్పి పంపిన మనిషికి రాత్రి పన్నెండింటికి వణుకు వస్తే ‘ఆమె చెప్పినట్టే అయింది’ అనుకుంటాడు. చెప్పకుండా పంపితే అదే వణుకు ‘టీకా వికటించింది’ అవుతుంది. కోవిషీల్డ్ మొదటి డోసుకు, అందులోనూ వయసులో ఉన్నవాళ్లకు, జ్వరం బాగానే వచ్చేది. రెండో డోసుకు తక్కువ. ఇది కూడా ముందే చెప్పొచ్చు, చెబితే రెండో డోసుకు భయం తగ్గేది. ‘ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటుంది’ అని ఊరడించి పంపడం మనసున్నవాళ్లు చేసే పనే. కానీ దాని మూల్యం మర్నాడు తెలిసేది. ఆ ఇంట్లో మిగిలిన ముగ్గురూ రారు.

మర్నాడు ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి ‘జ్వరం తగ్గిందా పెద్దమ్మా?’ అని అడగటం కూడా అప్పటి జ్ఞాపకమే. టీవీలో గంటసేపు వచ్చే ప్రకటన చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. మందు వేసి వదిలేయలేదు, చూసుకునే మనిషి ఉంది అన్న ధైర్యం వేరు.

ఇలా బల్ల దగ్గర కూడిన నమ్మకం పైనుంచి వచ్చిన మాటల వల్ల జారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వాటినీ ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 28 రోజులు. మార్చి 22న 8 వారాల దాకా పెంచి, 6 నుంచి 8 వారాల మధ్య వేసుకుంటే మేలన్నారు. మే 13న 12 నుంచి 16 వారాలు. శాస్త్రం దృష్టిలో దీనికి ఆధారం ఉంది. ఫిబ్రవరిలో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం 6 వారాల్లోపు రెండో డోసు వేసుకుంటే రక్షణ 55 శాతం, 12 వారాలు దాటాక వేసుకుంటే 81 శాతం. ఆ మాట ఫిబ్రవరిలోనే జనానికి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! టీకాల కొరత నడినెత్తిన ఉన్న మే నెలలో చెప్పేసరికి ‘మందు లేక గడువు పెంచారు’ అన్నదే అందరి నోటా నిలిచింది. జూన్‌లో విదేశాలకు వెళ్లేవాళ్లకు 28 రోజులకే వేస్తామన్నారు. ‘వాళ్లకు 28 రోజులకు పనిచేసేది మాకు 84 రోజులకు గానీ పనిచేయదా?’ అని కేంద్రాల్లో అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా ఉంది: ముందే వేసుకున్నా పనిచేస్తుంది, ఆగితే ఇంకా బాగా పనిచేస్తుంది, ప్రయాణం ఆగనివాళ్లకు కొంత రక్షణైనా ముందు కావాలి. రెండు వాక్యాలు. బల్ల దగ్గర కూర్చున్న ఏఎన్ఎంకు ఆ రెండు వాక్యాలు రాసిన కాగితం ఎవరూ పంపలేదు. ఆమెకు అందింది కొత్త తేదీ ఒక్కటే.

అంతకు ముందు ఏడాది సలహాల కథా ఇలాంటిదే. మాస్కు రోగులకూ వాళ్లను చూసుకునేవాళ్లకే చాలన్నారు. 2020 ఏప్రిల్ 3న మన ఆరోగ్య శాఖ ఇంట్లో కుట్టుకున్న మాస్కులు పెట్టుకోమంది, జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుడ్డ మాస్కుల వైపు మారింది. మార్చి చివర్లో ఇది గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాదని గట్టిగా చెప్పిన సంస్థే తర్వాత గాలి వెలుతురు లేని గదుల గురించి హెచ్చరించాల్సి వచ్చింది. మనుషుల మీద క్రిమిసంహారక మందు చల్లొద్దని ఏప్రిల్ 18న కేంద్రం చెప్పేసరికే ఎన్నో చోట్ల నడిచి వెళ్లేవాళ్ల మీద ఆ మందు చల్లే సొరంగాలు కట్టేశారు. కొత్త జబ్బు, తెలిసేకొద్దీ సలహా మారుతుంది, అందులో వింత లేదు. మారినప్పుడు ‘నిన్న ఇలా అనుకున్నాం, ఈ సంగతి కొత్తగా తెలిసింది, అందుకే మారుస్తున్నాం’ అనే మధ్య వాక్యం ఎగిరిపోవడమే నష్టం చేసింది. మొదటిసారి చెప్పినప్పుడే ‘ఇప్పటికి తెలిసినంతలో’ అన్న మాట కలిపి ఉంటే సగం కోపం పుట్టేది కాదు.

ప్లాస్మా, అంటే కోలుకున్నవాళ్ల రక్తంలోని ద్రవాన్ని రోగికి ఎక్కించే చికిత్స, దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 39 ఆసుపత్రుల్లో 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన పరీక్షలో ప్లాస్మా వల్ల ప్రాణాలు నిలవడం లేదని తేలింది. 2020 అక్టోబర్‌లో బీఎంజే వైద్య పత్రికలో అచ్చయింది. చికిత్స మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. మధ్యలో రెండో వేవ్ వచ్చింది. కోలుకున్న దాతల కోసం, బ్లడ్ గ్రూపు కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసిన కుటుంబాలు ఎన్నో. ఆ తిరుగుడంతా అక్కర్లేనిదని తర్వాత తెలిసినవాళ్లకు మళ్లీ ‘డాక్టర్లు చెప్పింది వినండి’ అనడం ఎంత కష్టమో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు.

రెండో వేవ్‌లో క్యూలు ఒక్కసారిగా పెరిగాయి. దాన్ని నమ్మకం అనుకోకూడదు, అది భయం. భయంతో వచ్చిన మనిషి కేసులు తగ్గగానే రెండో డోసుకు రాడు. ఏప్రిల్, మే నెలల్లో ‘వేసుకున్నా వచ్చింది’ అన్న మాట కూడా బలపడింది. టీకా వేసుకున్న మర్నాటి నుంచే కవచం ఉన్నట్టు ప్రచారం చేసినందుకు వచ్చిన చిక్కు అది. రెండో డోసు పడి రెండు వారాలైతే గానీ పూర్తి రక్షణ రాదు. అప్పటికే వైరస్ లోపల ఉండి, లక్షణాలు బయటపడకముందు వచ్చి టీకా వేసుకున్నవాళ్లున్నారు. కిక్కిరిసిన వెయిటింగ్ గదిలోనే అంటించుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. జబ్బు రాకుండా చేయడం వేరు, వచ్చినా ప్రాణం మీదికి రాకుండా చేయడం వేరు అన్న తేడాను మొదటి రోజు నుంచీ చెప్పాల్సింది.

దుష్ఫలితాల గురించి మాట్లాడితే జనం బెదిరిపోతారని అప్పట్లో కొందరు వాదించారు. జరిగింది చూస్తే అలా అనిపించదు. ఐరోపాలో రక్తం గడ్డకట్టిన కేసుల వార్తలు మార్చిలోనే వచ్చాయి. మన జాతీయ ఏఈఎఫ్ఐ కమిటీ మే 17న కోవిషీల్డ్ తర్వాత అలాంటివిగా భావించదగ్గ కేసులు 26 ఉన్నాయని, పది లక్షల డోసులకు 0.61 అని చెప్పింది. ఆ లెక్కతో పాటు ఒక జాబితా ఇచ్చింది: టీకా తర్వాత 20 రోజుల్లోపు ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, కాలో చెయ్యో వాయడం, ఆగని కడుపునొప్పి, తీవ్రమైన తలనొప్పి, సూది వేసిన చోటు కాకుండా మరోచోట ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే కేంద్రానికి రండి అని. ఎంత అరుదో చెప్పి, వస్తే ఏం చేయాలో కూడా చెప్పిన ఈ పద్ధతి చాలా మంచిది. కేంద్రాల్లో ఆ జాబితా చదివి వినిపించినంత మాత్రాన లేచి వెళ్లిపోయినవాళ్లు తక్కువ. జూన్‌లో 31 మరణాలను పరిశీలించి, మార్చి 8న టీకా వేసుకున్న 68 ఏళ్ల మనిషి అనాఫిలాక్సిస్‌తోనే చనిపోయారని ఒప్పుకున్నారు కూడా. అయితే మార్చిలో జరిగినదానికి జూన్‌లో జవాబు! జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ, జాతీయ కమిటీ, పోస్టుమార్టం నివేదిక... వరస మంచిదే, అవసరమే. ఆ మూడు నెలలు ఊరు ఊరుకోదు, తానే తీర్పు ఇచ్చేసుకుంటుంది. ‘విచారణ జరుగుతోంది, ఫలానా పరీక్ష ఫలితం రావాలి’ అని మధ్యలో డాక్టరు ఆ ఇంటికి వెళ్లి చెప్పిన చోట పుకారుకు ఊపిరి ఆడలేదు.

పుకార్లు ఎన్నని! నెలసరికి ఐదు రోజుల ముందూ వెనకా టీకా వేసుకోకూడదన్న మెసేజ్ ఏప్రిల్‌లో ఎంతమంది ఆడవాళ్లను ఆపిందో. చేతికి నాణేలు అంటుకుంటున్నాయన్నది ఇంకొకటి. చెమట తుడిచి పౌడరు రాసి మళ్లీ అతికించి చూడమంటే అక్కడితో తేలిపోయేది. పిల్లలు పుట్టరన్నది మాత్రం పాత పుకారే. పోలియో చుక్కల కాలంలోనూ ఇదే అన్నారు.

పోలియో ఆదివారాలు ఎవరికి గుర్తులేవు? 1995లో మొదలైన ఆ కార్యక్రమంలో నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలి గోటి మీద సిరా గుర్తు. సీసా మీద, వేడి తగిలిందో లేదో చూపే గుర్తులో, లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కన్నా తేలిక రంగులో ఉంటేనే మందు వాడాలి. బూత్ రోజు తర్వాత ఇంటింటికీ తిరిగేవారు. అందరు పిల్లలకూ వేసిన ఇంటి గోడ మీద ‘పి’, మిగిలిన ఇంటి మీద ‘ఎక్స్’. ఆ ‘ఎక్స్’ ఎందుకన్నది విడిగా రాసేవారు: పిల్లాడు ఊళ్లో లేడా, ఒంట్లో బాగోలేదా, పెద్దవాళ్లు వద్దన్నారా? వద్దన్న ఇంటికి మళ్లీ వెళ్లేది అదే మనిషి కాదు. ఆ ఇంటివాళ్లు మాట వినే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు. 2011 జనవరి 13 తర్వాత దేశంలో మళ్లీ సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చి 27న పోలియో పోయిందన్న ధ్రువపత్రం వచ్చింది. ఎన్ని గోడల మీద ఎన్ని ‘ఎక్స్’లు చెరిపితే వచ్చిందో ఆ కాగితం!

2021 నవంబర్‌లో ‘హర్ ఘర్ దస్తక్’ పేరుతో ఇంటింటికీ బయల్దేరినప్పుడు పనికొచ్చింది ఆ పాత లెక్కే. ‘టీకా వద్దన్నవారు’ అని ఒకే గంపలో వేసిన జాబితాను విడదీస్తే అసలు వద్దన్నవాళ్లు కొద్దిమందే తేలేవారు. ఫోన్ లేనివాళ్లు, కేంద్రం దాకా నడవలేనివాళ్లు, టీకా వేసుకుంటే జ్వరంతో రెండు రోజుల కూలి పోతుందని ఆగినవాళ్లు, కోవిడ్ వచ్చి తగ్గి మూడు నెలలు ఆగమన్నారని ఆగి మరిచినవాళ్లు, గర్భిణులకు వద్దన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయి జూలై 2న వేసుకోవచ్చన్న సంగతి వినని ఆడవాళ్లు. వీళ్లకు కావాల్సింది ఉపన్యాసం కాదు. శనివారం సాయంత్రం వేసుకుంటే ఆదివారం పడుకోవచ్చన్న సలహా ఒకరికి, గర్భిణులను తొలి పరీక్షల్లో చేర్చలేదు కాబట్టే మొదట వద్దన్నామన్న కారణం ఇంకొకరికి.

కోవిన్ సంగతీ ఒకటుంది. స్లాటు తీసుకుని రాలేకపోయినవాళ్లకు ‘మీకు టీకా వేశాం’ అని మెసేజ్ వెళ్లడం చాలామందికి అనుభవమే. రద్దీలో ముందే ఎంట్రీ కొట్టేయడం, నెట్ లేక కాగితం మీద రాసుకుని రాత్రి ఎక్కించేటప్పుడు జాబితా మొత్తం టిక్ చేసేయడం వల్ల అలా జరిగేది. 2021 మే 8 నుంచి నాలుగంకెల కోడ్ పెట్టారు. మనిషి వచ్చి ఆ కోడ్ చెబితేగాని టీకా వేసినట్టు నమోదు కాదు. చిన్న మార్పే. వేయని టీకాకు సర్టిఫికెట్ వచ్చిన ఇంట్లో, వేసిన లెక్కలన్నీ అబద్ధమనుకునే ప్రమాదాన్ని అది చాలావరకు తప్పించింది.

అక్టోబర్ 21న వంద కోట్ల డోసులు, 2022 జూలై 17న రెండు వందల కోట్లు. అప్పటికి కేంద్రాలు పలచబడ్డాయి. రెండు డోసుల మీద ఇంకొకటి, జాగ్రత్త డోసు అన్నారు, తొమ్మిది నెలల గడువు అన్నారు, జూలైలో ఆరు నెలలు చేశారు. ‘ఇంకెన్ని వేసుకోవాలి?’ అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సూటి జవాబు లేదు. రోజుకు ముగ్గురో నలుగురో వచ్చేవారు, సీసా తెరవడానికి మళ్లీ పదిమంది కావాలి. కొన్ని చోట్ల నర్సులు వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. పది పేర్లు కాగానే వరసగా ఫోన్ చేసి ‘రేపు పదింటికి సీసా తెరుస్తున్నాం, వచ్చేయండి’ అని పిలిచేవారు. ఎవరైనా రాలేమంటే పదకొండో నంబరు. అలా పిలిచిన రోజున ఒక్క డోసు కూడా పారేయాల్సిన పని ఉండేది కాదు.